హోంవర్క్ అడిగినాయన

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఇప్పుడు రాయబోయేది హోంవర్క్ కోసం నాతో వాదించి గెలిచిన మనిషి గురించి. ఆయన గెలిచాడు. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఈ రెండూ ఎట్లా కుదిరాయో ఆయన గురించి చెబితేనే తెలుస్తుంది.

ఆయన పోయిన సంగతి జమ్మలమడుగు బస్టాండులో తెలిసింది. నేనిప్పుడు ఆ వైపు బడిలో పనిచేస్తున్నాను. సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉంటే, నా పాత బడి ఉన్న వీధిలో బట్టల అంగడి నడిపే ఆయన గుర్తుపట్టి పలకరించాడు. అవీ ఇవీ మాట్లాడాక, "సార్, మీకు తెల్సునో లేదో. పులివెందులకు కారు తోలుతాండెనే, మన కువైట్ ఆయప్ప, పోయినాడు. గుండెనొప్పి. ఆస్పత్రి చేరకముందే పానం పోయింది," అన్నాడు.

బస్సు వచ్చింది, ఎక్కాను. బస్సు కదిలాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆయన పెట్టుకునే సీటు బెల్టు. ఫోన్లో ఆయన్ని ఎప్పుడు చూసినా ఆగి ఉన్న కారులో, సీటు బెల్టు పెట్టుకునే ఉండేవాడు. ఒకసారి అడిగాను, బండి ఆగే ఉంది కదా, ఎందుకని. "బెల్టు తీస్తే డ్యూటీ అయిపోయినట్టు అనిపిస్తాది సార్. మల్లా పెట్టుకోబుద్ది గాదు," అన్నాడు.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో ఉండేవాణ్ణి. మగ్గాలు ఇంకా కొన్ని ఆడుతున్న వీధి. పిల్లల్లో నేతపని వాళ్ళ పిల్లలు, బంగారు పని చేసేవాళ్ళ పిల్లలు, నాయనలు గల్ఫులో ఉన్న పిల్లలు కలిసి ఉండేవాళ్ళు. నేను కొంత చదివి, కొంత చూసి, చిన్న తరగతులకు హోంవర్క్ మానేశాను. సాయంత్రం ఆడుకోవాలి, తినాలి, పడుకోవాలి, ఇంట్లో మాటలు వినాలి. ఆ వయసుకు అదే చదువు. తల్లిదండ్రుల సమావేశంలో ఇదే చెప్పాను.

"రాతపని లేకుంటే ఇంట్లో పిలకాయలు మా నెత్తి మీదెక్కి తొక్కుతాండారు సార్," అంది ఒకామె.

"కాన్వెంటులో ఎల్కేజీ పిల్లోనికే మోయలేనంత ఇస్తాండారు. మీరేమో ఆడుకోమంటారు. ఆడుకునేదానికి బడి యాల సార్?" అన్నాడు ఒకాయన.

వెనక నుంచి ఎవరో, "సారుకు దిద్దాలంటే బద్దకంలేప్పా," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హోంవర్క్ మాత్రం ఇవ్వలేదు.

ఆ వారంలోనే బయటి దేశం నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, నమస్తే. నేను రేష్మా వాళ్ళ నాయనను సార్. కువైట్ నుంచి మాట్లాడతాండా."

రేష్మా రెండో తరగతి. చురుకైన పిల్ల, కొంచెం మొండి. వాళ్ళది ఇంట్లోనూ తెలుగే మాట్లాడే సాయబుల కుటుంబం. తాతల కాలంలో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ పని పోయింది, ఆయన కువైట్ పోయాడు. అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. పాపను ఉయ్యాల్లో వదిలి పోయినవాడు.

"పాపకు హోంవర్క్ ఇయ్యండి సార్," అన్నాడు.

నాకు అలవాటైపోయిన ఉపన్యాసం మొదలుపెట్టాను. చిన్నపిల్లల మెదడు, నిద్ర, ఆట, విసుగు. అంత దూరం నుంచి చేసిన ఫోన్లో ఆ ఉపన్యాసమంతా మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు. అయిపోయాక, "మీరు చెప్పింది నిజమే సార్. పిల్లోల్లకు వద్దు. మా పాపకొక్కదానికి ఇయ్యండి," అన్నాడు.

"అదెట్లా కుదురుతుందండీ?"

తర్వాత ఆయన చెప్పింది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఫోన్ చేస్తే 'తిన్యావా' అంటా సార్. 'తిన్యా' అంటాది. 'బడికి పోయినావా' అంటా. 'పోయినా' అంటాది. ఇంగేం అడగాల సార్? దాని గురించి నాకేమీ తెల్దు. నా గురించి దానికీ తెల్దు. ఫోన్ వాళ్ళమ్మకిచ్చి పరిగెత్తుతాది. మొన్నటిదాకా హోంవర్క్ ఉండె. అది చెప్తాంటే పావుగంటన్నా నా మొగం చూస్తాండె. మీరు అది నిలిపేసినారు."

నేను వెంటనే ఒప్పుకోలేదు. మాట్లాడుకోవడానికి వేరే ఏదైనా ఇస్తానన్నాను. ఇంట్లో ఎన్ని రకాల గిన్నెలున్నాయో నాయనకు చెప్పు, ఈ రోజు చూసిన పిట్టను నాయనకు చెప్పు, అట్లాంటివి. ఆయన వినయంగానే కొట్టేశాడు.

"ఆటలూ గీటలూ వద్దు సార్. బుక్కులో ఉండేదే ఇయ్యండి. సారు ఇచ్చినాడు, చెయ్యకుంటే సారు తిడతాడు అంటేనే అది కూచుంటాది. నా కోసమైతే కూచోదు. నేనెవురు దానికి?"

మర్నాటి నుంచి రేష్మాకు హోంవర్క్ ఇచ్చాను. రెండు కూడికలో, ఒక పేరా చదవడమో. అంతకంటే ఎక్కువ కాదు.

మిగతా పిల్లలు ఊరుకుంటారా? "దానికే యాల ఇస్తారు సార్, మేమేం చేసినాం?" అని మొదలుపెట్టారు. వాళ్ళ నాయన దూరంగా ఉన్నాడు కదా అని సర్దిచెప్పబోతే, ఒక పిల్లవాడు లేచి, "మా నాయన ఈడ్నే ఉండాడు సార్, అయినా నాతో మాట్లాడడు. నాకూ ఇయ్యండి," అన్నాడు. హోంవర్క్ కోసం పిల్లలు బతిమాలడం నేను పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. అడిగినవాళ్ళకు ఇచ్చాను. చాలామంది చేసుకురాలేదు. నేను అడగనూ లేదు.

కొన్నాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. రేష్మా అంకెలు తిప్పి రాయడం మొదలుపెట్టింది. మూడు అటు తిరిగి ఉండేది, ఏడు అటు చూసేది. చిన్నపిల్లలు కొందరు అట్లా రాస్తారు, వయసుతో పోతుంది. కానీ ఈ పిల్ల అంతకుముందు సరిగ్గా రాసి ఇప్పుడు తిప్పుతోంది. నేను చదివినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి భయపడ్డాను. ఎవరికైనా చూపించమని తల్లితో చెబుదామని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

వెళ్ళేసరికి చదువు నడుస్తోంది. బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టి ఉంది. దాని ముందు రేష్మా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఫోన్లో కారు, కారులో ఆయన. తను పనిచేసే ఇంటి పిల్లల్ని ట్యూషన్ దగ్గర దింపి, వాళ్ళు బయటికి వచ్చేదాకా కారులో కూర్చుని ఉండే సమయం అది. "యాడుండాం మనం?" అని మొదలుపెట్టేవాడు, దారి తప్పిన డ్రైవరు అడిగినట్టు. తప్పు వస్తే, "రివర్స్ రా, రివర్స్ రా, అంతే, ఆడ ఆపు," అనేవాడు. తల్లి పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతూ మధ్యమధ్య నవ్వుతోంది.

నేను చూస్తుండగానే ఒక కాగితాన్ని స్టీరింగు మీద పెట్టి, ఒత్తి ఒత్తి ఏదో రాసి, కెమెరా ముందు పెట్టాడు. కూడిక లెక్క. అన్ని అంకెలూ తిరగబడి ఉన్నాయి.

"ఏమండీ, అంకెలు అట్లా రాశారేం?" అన్నాను, డబ్బా ముందుకు వంగి.

నన్ను చూసి సర్దుకుని కూర్చున్నాడు. "సార్, మీరా! ఉల్టా రాస్తేనే గదా సార్, ఆడ సక్కగా కనపడేది. ముందు సక్కగా రాసి పెడ్తే ఫోన్లో ఉల్టా కనపడె. అందుకని ఇట్ల రాసేది నేర్చుకున్యా. శానా కష్టం సార్, ఐదు మాత్రం ఇంగా సరిగా రాదు."

ఆయనకు ఫోన్లో కనబడేది అద్దంలో బొమ్మ. తనకు తాను అట్లా కనబడతాడే తప్ప, అవతలివాళ్ళకు సరిగ్గానే కనబడుతుందని ఆయనకు తెలియదు. పాపకు సరిగ్గా కనబడాలని, పగలంతా వేరేవాళ్ళ పిల్లల్ని తిప్పుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా కాగితాల మీద తిరగేసిన అంకెలు సాధన చేశాడు. నేను సంగతి చెప్పాను.

"అయ్యో! నా బిడ్డకు ఇన్నాళ్ళూ ఉల్టా చదువు చెప్తి గదా సార్!"

తర్వాత నవ్వాడు. ఆ నవ్వుకు ఫోన్లో కారు అద్దాలు కూడా కదిలినట్టనిపించింది. పాప అది చూసి వెనక్కి పడి నవ్వింది. నేను పాపను అడిగాను, "నేను బోర్డు మీద వేరేగా రాస్తాను కదమ్మా, నీకు అనుమానం రాలేదా?"

"మీరు అట్ల రాస్తారు సార్. మా నాయన ఇట్ల రాస్తాడు," అంది. రెండూ తెలుసు ఆ పిల్లకు. తెలిసే నాయన రాసినట్టు రాసింది. ఏ డాక్టరుకూ చూపించే పని పడలేదు. ఏడు మాత్రం చాలా రోజులు అటే తిరిగి ఉండేది. నేను దానికి తప్పు పెట్టలేదు.

రేష్మా మూడో తరగతిలో ఉండగా ఆయన సెలవు మీద వచ్చాడు. ఫోన్లో కూర్చున్న మనిషినే చూసినందువల్ల, నిలబడితే అంత పొడుగుంటాడని నాకు తెలియదు. కొత్త చొక్కా వేసుకుని, బడి వదిలే వేళకు వరండా చివర నిలబడ్డాడు. రేష్మా జేజి, అంటే ఆయన తల్లి, కూడా వచ్చి ఉంది. పాప బయటికి వచ్చి, ఆయన పక్క నుంచే పోయి, జేజి కొంగు పట్టుకుంది. ఆయన చాచిన చెయ్యి కాసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత దాంతోనే తల నిమురుకున్నాడు.

మర్నాడు నన్ను టీకి పిలిచాడు. "ఫోన్లో అయితే 'నాయనా నాయనా' అని నోరు ముయ్యదు సార్. మనిషి ఎదురుగా ఉంటే జేజి యెనక్కు పోతాది. రాత్రి 'ఆయప్ప ఎప్పుడు పోతాడు' అని వాళ్ళమ్మను అడిగిందంట."

"అలవాటు కావాలి. కొంచెం టైం పడుతుంది," అన్నాను.

"అలవాటయ్యే లోపల లీవు అయిపోతాది గదా సార్." టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. "కొంచెం కష్టమైంది ఇయ్యండి సార్. ఒక్కతే చేసుకోలేనిది."

తీసివేతలు ఇచ్చాను, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునేవి.

ఆ వారం చివర్లో బడి తాళం వేస్తుంటే గేటు దగ్గరికి వచ్చాడు. చెప్పాలని ఉంది, చెప్పడానికి సిగ్గుగానూ ఉంది. "నవ్వాకండి సార్," అన్నాడు.

నవ్వనన్నాను.

"నిన్న సాయంత్రం మిద్దెక్కి ఫోన్ చేసినా సార్. మా మిద్దే. పాప కిందుంది. వాళ్ళమ్మ ఎప్పటి మాదిరే డబ్బాకు ఆనిచ్చి పెట్టింది. పాప వచ్చి కూచున్యాది సార్! 'నాయనా, యాడుండావు, కార్లో లేవే' అన్యాది. 'ఈ పొద్దు కారు రిపేరు' అన్యా."

"పాపకు తెలియదా, నువ్వు పైన ఉన్నావని?"

"తెల్దా సార్? నేను మెట్లెక్కేది చూస్తానే ఉండె." ఆయన నవ్వి, మళ్ళీ గొంతు సర్దుకున్నాడు. "లెక్క మొదలుపెట్టినాం. అప్పు తెచ్చుకునేకాడ ఆగిపోయినాం. నాకూ అది సరిగా రాదు. పది ఈడ తేవాల, ఆడ ఒగటి తగ్గించాల అంటాంటే ఫోన్లో బొమ్మ ఆగిపోయి తిరగబట్టె, రౌండు రౌండు. నేను 'అలో, అలో' అంటాండా. చూస్తే మెట్లకాడ చప్పుడు. పలక పట్టుకోని పైకొచ్చింది సార్."

రోడ్డు మీద పోతున్న ట్రాక్టరును చాలాసేపు చూశాడు.

"వచ్చి ఏమంది?"

"ఏమంటాది సార్. 'సిగ్నల్ పోయింది, ఈడ చెప్పు' అని పక్కన కూచున్యాది."

హోంవర్క్ వల్ల చిన్నపిల్లల చదువు పెరుగుతుందా పెరగదా అని పెద్ద చర్చ ఉంది. నేను పెరగదనే వైపు. ఆయన నన్ను అడిగింది ఆ ప్రశ్నే కాదని నాకు ఆ గేటు దగ్గర అర్థమైంది.

తర్వాత ఆయన మళ్ళీ వెళ్ళిపోయాడు. పాప ఐదో తరగతి అయ్యేదాకా హోంవర్క్ అందుతూనే ఉంది. నాకు బదిలీ అయింది.

కొన్నేళ్ళ తర్వాత ఒక పెళ్ళికి పులివెందుల పోవడానికి ప్రొద్దుటూరులో కారు కోసం చూస్తుంటే, "సార్, రాండి, ముందు కూచోండి," అని పిలుపు. ఆయనే. కువైట్ వదిలేసి వచ్చి సొంతంగా కారు తోలుతున్నాడు. నేను కూర్చున్నాక నా సీటు బెల్టు ఆయనే లాగి పెట్టాడు. ముద్దనూరు దాటేదాకా వేరే సంగతులు చెప్పాడు. వెనక కూర్చున్న ముసలాయన కిటికీ ఎంత తెరవాలనే దానిమీద ఆయనతో తగువు పెట్టుకుంటూనే ఉన్నాడు. "మామా, గాలి నీకు గావల్ల, దుమ్ము మాకు గావల్ల, అంతే గదా," అని ఆయన ముసలాయన్ని ఊరుకోబెట్టాడు.

తర్వాత నాతో, "ఇప్పుడు పిల్లోల్లకు హోంవర్క్ ఇస్తాండారా సార్?" అన్నాడు.

"లేదు."

"ఇయ్యాకండి సార్. పాపం పిల్లోల్లు. ఆడుకోనీండి."

నేను ఆయన వైపు చూశాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు, మీసాల కింద నవ్వుతూ.

"నీ అవసరం తీరిపోయిందని ఇప్పుడు నా వైపు వచ్చావా?"

"అంతే గదా సార్," అన్నాడు ఏమాత్రం మొహమాటం లేకుండా. "ఇప్పుడు పెద్ద చదువు. దాని లెక్కలు నాకు ఒక్కటీ అర్థం గావు. అది చేసుకుంటాంటే పక్కన కూచుంటా. 'నువ్వుంటే నాకు లెక్క పారదు, లేసిపో నాయనా' అంటాది. నేను లెయ్యను."

అదే నేను ఆయన్ని చివరిసారి చూడడం.

నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి దినాలు అయిపోయాయి. జేజి బయట మంచం మీద కూర్చుని ఉంది. నా చెయ్యి పట్టుకుని, "నా కంటే ముందు పోయినాడు సూడు సారూ," అంది. చెవులు సరిగ్గా వినబడడం లేదు ఆమెకు. రేష్మా తల్లి, భర్త పోయాక పాటించే గడువులో ఉంది కనక, లోపలి గదిలో పరదా వెనక నుంచే నాతో మాట్లాడింది. రేష్మా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇంటర్ చదువుతోంది. వాళ్ళ నాయన పొడుగు వచ్చింది.

ఆయన ఎట్లా పోయాడో చెప్పుకున్నారు. అప్పుడు రేష్మా, "సార్, మీకొగటి చెప్పాల," అంది.

"చెప్పమ్మా."

"చిన్నప్పుడు మీరిచ్చే హోంవర్కు నాకు వచ్చు సార్. అంతా వచ్చు. మధ్యాన్నం అన్నం తిన్యాక బళ్ళోనే మనసులో చేసుకుంటాంటి. సాయంత్రం నాయనతో మాత్రం రాదని చెప్తాంటి."

"ఎందుకు?"

"వచ్చంటే అయిపోతాది గదా సార్. అయిపోతే ఫోన్ పెట్టేస్తాడు." చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. "ఆడ శానా ఎండ సార్. అంత ఎండలో కార్లో కూచోని, గొంతు ఎండిపోయేదాకా చెప్పిందే చెప్తాండె. నేను కావాలని తప్పు మీద తప్పు చెప్తాంటి. ఈడికొచ్చినాకన్నా చెప్పిండాల. రేపు చెప్దాం, మాపు చెప్దాం అనుకుంటి. నాయనను మోసం చేసినా కదా సార్. ఇప్పుడు ఎవరికి చెప్పల్ల?"

ఇన్నేళ్ళు బడిలో పిల్లలు చెప్పిన అబద్ధాలు ఎన్నో విన్నాను. దీన్ని కనిపెట్టలేకపోయాను. "నీకు అవన్నీ వచ్చని నాకూ తెలియదమ్మా," అని మాత్రం అన్నాను.

పరదా వెనక నుంచి తల్లి గొంతు వినబడింది. "ఏమే, మీ నాయనకు తెల్దనుకుంటాండావా?"

రేష్మా తల తిప్పింది.

"నాకు ముందే చెప్పిపెట్టినాడు. 'పాపకు వచ్చులే. నువ్వు నడమ దూరి జవాబు చెప్పాకు. కాసేపు ఆడుకోనీ నాతో' అంటాండె."

"నిజంగానా అమ్మా?"

"తప్పు చెప్పబోయేముందు కింది పెదివి కొరుక్కుంటావంట నువ్వు. అది చూస్తే నవ్వొస్తాదని ఫోన్ పక్కకు తిప్పుకుంటాండె. నువ్వేమో 'నాయనా, కనపడలే, కనపడలే' అని అరుస్తాంటివి."

రేష్మా పరదా వైపు నమ్మనట్టు చూసింది. "అయితే మరి నన్ను తిడతాండెనే! 'ఇన్నిసార్లు చెప్పినా తలకెక్కదా, మొద్దుదానా' అని!"

"తిట్టకుంటే నీకు అనుమానం రాదా?"

రేష్మా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. చప్పుడు పెరిగింది. బయట మంచం మీద నుంచి జేజి గుమ్మంలోకి వంగి చూసి, "పాప యాల ఏడుస్తాంది?" అని అడిగింది.

"ఏడవడం లేదులే అత్తా," అంది తల్లి లోపల్నుంచి గట్టిగా. "నవ్వుతాంది."